బండి కుదుపు లేకుండా కదలాలంటే ఎడమ కాలు ఎక్కడ ఆగాలి?

కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర కారు ఆఫ్ అయిపోతే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. ముందున్న ఆటో వెళ్లిపోతుంది, వెనక హారన్లు మొదలవుతాయి, రెండు పక్కల నుంచి బైకులు దూరిపోతుంటాయి. మళ్లీ స్టార్ట్ చేస్తాం, కంగారులో క్లచ్ వదిలేస్తాం, బండి ఒక్క దూకు దూకి మళ్లీ ఆగిపోతుంది. నాకు ఒకే రోజు మూడుసార్లు అలా జరిగింది. ఆ తర్వాత దాదాపు ఏడాది పాటు కారు తాళం ముట్టుకోలేదు.

అప్పటికే డ్రైవింగ్ స్కూల్లో 20 రోజులు నేర్చుకుని ఉన్నాను. లైసెన్సు కూడా చేతిలో ఉంది. మరి ఎందుకు రాలేదు? స్కూల్ కారులో నేర్పేవాళ్ల వైపు కూడా క్లచ్, బ్రేక్ ఉంటాయి. నా కాలు తప్పిన ప్రతిసారీ పక్కనున్నాయన తన క్లచ్‌తో సరిచేశాడు. బండి సాఫీగా కదులుతుంటే నేనే కదిలిస్తున్నాననుకున్నాను. మీరు ఇప్పుడు స్కూల్లో నేర్చుకుంటూ ఉంటే, ఖాళీ చోటుకు వెళ్లాక ఒక్క మాట అడగండి: "సార్, బ్రేక్ మీద కాలు ఉంచుకోండి, క్లచ్ మాత్రం నాకే వదిలేయండి." ఫీజు కట్టింది దానికే కదా.

నాకు అసలు పాఠం చెప్పింది మా మేనమామ. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయినాడు. నిలబడిన జనంతో నిండిన బస్సును ఎవరూ తూలకుండా కదిలించిన మనిషి. మొదటి రోజే నాతో అన్నాడు: "క్లచ్ మెల్లగా వదలమని అందురూ చెప్తారు పాపా. మెల్లగా వదలడం కాదు, ఒకచోట కాలు నిలపాల." నేను ఇక్కడ రాస్తున్నదంతా ఆ చోటును కనిపెట్టడం గురించి, అక్కడ కాలు నిలపడం గురించి.

పెడల్ కింద ఏం జరుగుతోంది

కదులుతున్న పల్లెవెలుగు బస్సు ఎక్కేవాళ్లను చూసే ఉంటారు. నిలబడ్డ చోటి నుంచే కడ్డీ పట్టుకుంటే భుజం ఊడినంత పని అవుతుంది. రెండడుగులు బస్సుతో పాటు పరిగెత్తి ఎక్కితే కుదుపే తెలియదు. (ఎక్కమని చెప్పడం లేదు, ప్రమాదం.) కారులోనూ ఇదే జరుగుతుంది. బండి ఆగి ఉన్నా ఇంజిన్ నిమిషానికి 700 నుంచి 900 సార్లు తిరుగుతూనే ఉంటుంది. దాని చివర ఫ్లైవీల్ అనే బరువైన ఇనుప చక్రం ఉంటుంది. చక్రాల వైపు నుంచి వచ్చే క్లచ్ ప్లేట్ మాత్రం కదలకుండా ఉంటుంది. మీరు పెడల్ వదిలేకొద్దీ స్ప్రింగ్ ఆ ప్లేట్‌ను తిరిగే ఫ్లైవీల్‌కు అదుముతుంది. ఒక్కసారిగా అదిమితే రెండే దారులు: బండి ఎగిరి దూకాలి, లేదా ఇంజిన్ ఆగిపోవాలి.

కొంచెం రాసుకునే సమయం ఇస్తే ప్లేట్ కూడా మెల్లగా వేగం అందుకుంటుంది. రెండూ ఒకే వేగానికి వచ్చాక పెడల్ పూర్తిగా వదిలేసినా కుదుపు ఉండదు. మొదటి గేరులో, రేజ్ (యాక్సిలరేటర్) ఇవ్వకుండా, క్లచ్ పూర్తిగా వదిలిన చిన్న కారు గంటకు 5 నుంచి 8 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అంటే మనం వడివడిగా నడిచే వేగం. బండి ఆ నడక వేగం అందుకునేదాకా మీ కాలు ప్లేట్‌కు సమయం ఇవ్వాలి. చదునైన రోడ్డు మీద ఆ సమయం ఒకటి రెండు సెకన్లే.

కాబట్టి పెడల్ ప్రయాణాన్ని మూడు ముక్కలుగా చూడండి. నేల నుంచి పైకి వచ్చే మొదటి ముక్కలో ఏమీ జరగదు, అక్కడ కాలు త్వరగా తీసినా నష్టం లేదు. రెండోది చాలా చిన్నది, ఒకటి రెండు వేళ్ల మందం. క్లచ్ పట్టేది అక్కడే. కొందరు దాన్ని బైటింగ్ పాయింట్ అంటారు. కాలు ఆగాల్సింది ఇక్కడ. మూడోది బండి కదిలాక వదిలే భాగం. మెల్లగా వదలమంటే మనం మూడు ముక్కలూ ఒకే నిదానంతో వదులుతాం. అనవసరమైన చోట సమయం పోతుంది, అవసరమైన రెండో ముక్క మాత్రం తెలియకుండానే దాటిపోతుంది.

కూర్చోవడం దగ్గరే సగం తప్పులు

ఇంజిన్ స్టార్ట్ చేయకముందే సీటు సరిచూసుకోండి. క్లచ్ పూర్తిగా నొక్కినప్పుడు కూడా ఎడమ మోకాలు కాస్త వంగి ఉండాలి. కాలు చాచుకుని వేళ్ల కొసలతో నొక్కుతుంటే సీటు వెనక ఉన్నట్టు. అలా అయితే నిలిపే బలం కాలికి ఉండదు, వణుకు వస్తుంది. ఎత్తు తక్కువ ఉన్న ఆడవాళ్లు సీటు ముందుకు జరుపుకోవడానికి మొహమాటపడతారు, ఎవరో నవ్వుతారని. నవ్వనివ్వండి, మీ మోకాలు వంగడమే ముఖ్యం.

హవాయి చెప్పులు, మడమ లేని స్లిప్పర్లు వద్దు. చెప్పు జారి పెడల్ కింద ఇరుక్కుంటే బ్రేక్ కూడా పడదు. పలుచని అడుగున్న బూట్లయితే పెడల్ కదలిక పాదానికి బాగా తెలుస్తుంది. ఇంకొకటి, ఎవరూ చెప్పనిది: కాళ్ల కింది మ్యాట్. దుమ్ము పడకూడదని ఒకదాని మీద ఒకటి రెండు మ్యాట్లు వేస్తారు. అది ముందుకు జరిగి పెడల్ కింద చేరితే క్లచ్ పూర్తిగా దిగదు, గేరు గర్రుమంటుంది. ఒక్క మ్యాట్ చాలు, అది కూడా కదలకుండా.

రేజ్ లేకుండా మొదటి అభ్యాసం

చదునైన ఖాళీ చోటు కావాలి. మా ఊళ్లో అయితే రింగ్ రోడ్ అవతల ప్లాట్లు వేసి ఇళ్లు ఇంకా కట్టని వెంచర్లు ఉన్నాయి. రోడ్లు వేసి ఉంటాయి, మనుషులు ఉండరు. కడప ఎండలు తెలిసినవే కాబట్టి పొద్దున ఆరుకల్లా వెళ్లండి. లెర్నింగ్ లైసెన్సు మీద ఉన్నవాళ్లు ముందూ వెనకా ఎర్రటి ఎల్ బోర్డు పెట్టి, లైసెన్సు ఉన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఏసీ ఆపేయండి. దాని కంప్రెసర్ ఇంజిన్ బలంలో కొంత తీసుకుంటుంది, మొదట్లోనే ఆ లెక్క ఎందుకు?

కుడి కాలు బ్రేక్ మీద ఉంచి, క్లచ్ పూర్తిగా నొక్కి స్టార్ట్ చేయండి. మొదటి గేరు వేయండి. గేరు సరిగ్గా పడిందో లేదో చేత్తో ఒకసారి చూసుకోండి, మొదటిదనుకుని మూడోది వేసేవాళ్లు చాలామంది. గేరు పడకుండా మొరాయిస్తే న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ ఒకసారి వదిలి మళ్లీ నొక్కి వేయండి, పడుతుంది. ఇప్పుడు ఎడమ మడమను నేలకు ఆనించండి. బ్రేక్ వదిలి, కుడి కాలు దాని పైనే గాలిలో సిద్ధంగా ఉంచండి. రేజ్ మీదకు పోవద్దు.

మడమ ఆనించి పాదం ముందు భాగాన్ని మెల్లగా లేపండి. చెవులు పెట్టి వినండి. ఒకచోట ఇంజిన్ శబ్దం కాస్త బరువెక్కుతుంది. స్టీరింగ్‌లో సన్నని వణుకు వస్తుంది. టాకోమీటర్ (ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే మీటరు) ఉంటే ముల్లు కొంచెం కిందికి దిగుతుంది. బానెట్ ముందు భాగం ఊపిరి పీల్చినట్టు ఒక వెంట్రుకంత లేస్తుంది. అదే చోటు. పాదాన్ని అక్కడే నిలపండి, పైకీ వద్దు కిందికీ వద్దు. బండి తనంతట తాను కదులుతుంది.

కదలగానే కాలు తీసేయాలని మనసు తొందరపెడుతుంది. నా కంగారంతా ఈ ఘడియలోనే ఉండేది. "కదిలింది కదా, అయిపోయింది" అనుకుని కాలు వదిలేసేదాన్ని, అక్కడే దూకేది. మామ ఎదురుగా రోడ్డు పక్కనున్న రాయి ఒకటి చూపించి, "ఆ రాయి దాటేదాకా కాలు ఆడ్నే ఉండనీ" అనేవాడు. మీరూ అలాగే ఒక గుర్తు పెట్టుకోండి. బండి పొడవులో సగమో ముప్పావో దాటాక, నడక వేగం వచ్చిందనిపించాక, మిగిలింది వదలండి. ఈసారి కుదుపు రాదు. మళ్లీ క్లచ్ నొక్కి, బ్రేక్ వేసి ఆపండి. మళ్లీ మొదలు.

ఇలా 20 సార్లు చేయండి. మధ్యలో ఐదారుసార్లు ఆఫ్ అయితే అవుతుంది. బండికి ఏమీ కాదు. డీజిల్ కార్లలో ఇది తేలిగ్గా వస్తుంది, ఐడిల్‌లో, అంటే రేజ్ ఇవ్వనప్పుడు కూడా వాటికి లాగే బలం ఎక్కువ. చిన్న పెట్రోల్ కార్లలో పాదం ఇంకా నిదానంగా ఉండాలి. రేజ్ లేకుండా కదిలించడం రాకముందే రేజ్ నేర్చుకుంటే, ఎడమ కాలి తప్పులన్నీ కుడి కాలితో కప్పిపుచ్చుకోవడం అలవాటవుతుంది. రోడ్డు మీద ఖాళీ బండిని రయ్యిమని అరిపించి కదిలించేవాళ్లు చాలామంది అలా తయారైనవాళ్లే. అందుకే నా మాటగా చెప్తున్నాను, మొదటి రెండు రోజులు రేజ్ ముట్టుకోకండి.

మధ్యలో ప్రతి పది నిమిషాలకు న్యూట్రల్ చేసి కాలు దించండి. ఎడమ పిక్క నొప్పి పుడుతుంది, మరో పక్క క్లచ్ ప్లేట్ కూడా వేడెక్కుతుంది. కాలిన వాసన వస్తే ఆపి పావుగంట చల్లారనివ్వండి.

ఇప్పుడు కుడి కాలు

రోడ్డు మీద మరీ నిదానంగా కదిలితే కుదరదు, ఏసీ వేస్తాం, నలుగురు ఎక్కుతారు. రేజ్ కావాలి. వరుస మాత్రం మారకూడదు: ముందు రేజ్, తర్వాత క్లచ్. రేజ్ కొంచెం నొక్కి టాకోమీటర్‌లో 1200 నుంచి 1500 మధ్య నిలపండి. ముల్లు చూడలేకపోతే చెవితో పట్టుకోండి: ఇంజిన్ మూలిగే శబ్దం నుంచి సమంగా ఝుమ్మనే శబ్దానికి మారాలి, అరవకూడదు. ఆ శబ్దాన్ని ఐదు సెకన్లు మారకుండా పట్టుకోవడం న్యూట్రల్‌లోనే విడిగా సాధన చేయండి. కుడి మడమ కూడా నేలకు ఆనాలి.

తర్వాత క్లచ్‌ను పట్టే చోటుకు తెండి, నిలపండి. శబ్దం బరువెక్కబోతుంటే రేజ్ ఒక వెంట్రుకంత పెంచండి. బండి నడక వేగం అందుకున్నాక ఎడమ కాలు పూర్తిగా తీసి పక్కన పెట్టండి. ఆ తర్వాతే రేజ్ పెంచి రెండో గేరుకు పోండి. ఎడమ కాలు ఇంకా వదులుతుండగానే కుడి కాలు గట్టిగా నొక్కితే బండి విసిరినట్టు పోతుంది. భయపడి కుడి కాలు ఎత్తేస్తే ముక్కు కిందికి వంగి ఆగిపోతుంది. రెండు కాళ్లూ ఒకేసారి కదలకుండా, ఒకటి కదిలేటప్పుడు ఇంకొకటి నిలకడగా ఉండాలి.

సరిగ్గా వస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? సగం నీళ్లున్న పారదర్శకమైన బాటిల్‌ను పక్క సీట్లో వాళ్ల చేతికివ్వండి. కదిలేటప్పుడు నీళ్లు ఎంత ఎగిరాయో వాళ్లు చెప్తారు. మీ ఒంటికి తెలియని కుదుపు కూడా నీళ్లకు తెలుస్తుంది.

తప్పును బట్టి కారణం

బండి ఒక్క వణుకు వణికి ఆఫ్ అయిందంటే పట్టే చోట కాలు ఆగలేదు, లేదా రేజ్ చాల్లేదు. ముందుకు దూకి పోయిందంటే రేజ్ సరిపోయింది, కాలు మాత్రం ఆగలేదు. ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం పాకుతోంది, వాసన వస్తోంది అంటే రేజ్ ఎక్కువై కాలు ఆ చోటే మరీ ఎక్కువసేపు నిలిచిపోయింది. నిలపడం నేర్చుకున్నవాళ్లు రెండో వారంలో చేసే తప్పు ఇది. నేనూ చేశాను. ఒకటి రెండు సెకన్లకు మించి నిలపాల్సిన అవసరం చదును రోడ్డు మీద రాదు.

కప్పలా వరసగా గెంతుతుంటే? మొదటి కుదుపుకు మన ఒళ్లు ఊగుతుంది, ఒంటితో పాటు కాలు ఊగుతుంది, కాలు ఊగేకొద్దీ బండి ఇంకా గెంతుతుంది. దాన్ని రేజ్‌తో సరిచేయాలని చూడకండి. క్లచ్ పూర్తిగా నొక్కేయండి, గెంతులు వెంటనే ఆగుతాయి. మళ్లీ మొదటి నుంచి.

నడిరోడ్డులో ఆఫ్ అయితే వరుస ఇది: బ్రేక్, క్లచ్ పూర్తిగా కిందికి, న్యూట్రల్, స్టార్ట్, మొదటి గేరు, రేజ్, క్లచ్. ఇంట్లో కుర్చీలో కూర్చుని పైకి చెప్పుకుంటూ పది సార్లు చేతులూ కాళ్లూ ఆడించండి. ఆ వరుస ఒంటికి పడితే మొత్తం ఐదారు సెకన్ల పని. హారన్ కొట్టే వెనకాయన టెన్షన్ ఆయనది. ఆయన కోసం ఏ మెట్టూ దాటేయకండి, దాటేస్తే రెండోసారి ఆఫ్ అవుతుంది. నా మూడుసార్ల కథ అట్లా జరిగిందే.

ట్రాఫిక్‌లో

కోటిరెడ్డి సర్కిల్ దగ్గర ఆగారనుకోండి. అర నిమిషం పట్టేలా ఉంటే న్యూట్రల్ చేసి ఎడమ కాలు తీసేయండి. మొదటి గేరులో క్లచ్ నొక్కి పట్టుకుని కూర్చుంటే పెడల్ నొక్కినప్పుడు స్ప్రింగ్‌ను నెట్టే రిలీజ్ బేరింగ్ అరుగుతుంది, కాలూ అలసిపోతుంది. అలసిన కాలు పట్టే చోట నిలవలేదు. ముందు బండి జానెడు కదిలితే మీరూ జానెడు కదలకండి. ఒక బండి పట్టేంత చోటు ఏర్పడనిచ్చి, ఒకేసారి పూర్తి కదలిక చేయండి. మధ్యలో ఏదో ఒక బైకు దూరుతుంది. దూరనివ్వండి, మీ క్లచ్ ప్లేట్ బాగుంటుంది.

మిట్ట మీద

మిట్ట మీద బండిని వెనక్కి జారకుండా కదిలించడం డ్రైవింగ్ టెస్టులో అడిగే నైపుణ్యమే. 1989 నాటి సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 15వ నిబంధనలో ఉంది. టెస్టుకు తప్ప మళ్లీ ఎవరూ సాధన చేయరు. మనకు మాత్రం గువ్వలచెరువు ఘాట్ ఉంది. కడప నుంచి రాయచోటికి పోయే 40వ నంబరు జాతీయ రహదారిలో లారీలు మలుపుల దగ్గర నెమ్మదించి ఆగితే వెనక మనమూ మిట్ట మీద ఆగాల్సిందే.

మొదట హ్యాండ్ బ్రేక్ పద్ధతి ఒక్కటే నేర్చుకోండి. చిన్న మిట్ట చాలు. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగి, దాని బొత్తాం బొటనవేలితో నొక్కి చేత్తో పట్టుకుని ఉండండి. ఫుట్ బ్రేక్ వదిలి రేజ్ ఇవ్వండి, చదును మీద ఇచ్చినదానికంటే కొంచెం ఎక్కువగా. క్లచ్‌ను పట్టే చోటుకు తెండి. బానెట్ ముందు లేస్తుంది, వెనక భాగం కాస్త కిందికి కూర్చుంటుంది. బండి తాడు లాగుతున్న ఎద్దులా ముందుకు పెనుగులాడుతున్నట్టు తెలుస్తుంది. అది తెలిశాకే హ్యాండ్ బ్రేక్ దించండి. తెలియకపోతే దించవద్దు. బండి కదిలాక ఇక్కడ కాలు చదును మీద కంటే ఇంకాస్త ఎక్కువసేపు నిలపాలి, బరువును పైకి లాగుతోంది కదా.

ఇది కుదిరాక ఫుట్ బ్రేక్‌తో చేయండి: బ్రేక్ మీద ఉండగానే క్లచ్‌ను పట్టే చోటుకు తెచ్చి, బండి వణికాక కుడి కాలు చటుక్కున రేజ్ మీదకు. కొన్ని కొత్త కార్లలో హిల్ హోల్డ్ అని ఉంటుంది, బ్రేక్ వదిలాక కూడా రెండు సెకన్ల పాటు బండిని పట్టి ఉంచుతుంది. ఉంటే మంచిదే, కానీ ఆ రెండు సెకన్లు అయిపోయాక అది వదిలేస్తుంది. దాని మీదే ఆధారపడితే ఆ సౌకర్యం లేని బండి ఎక్కిన రోజు భయం మళ్లీ మొదలవుతుంది.

మిట్ట మీద ఆగినప్పుడు హాఫ్ క్లచ్‌లో బండిని నిలబెట్టుకోకండి. ముందుకు పోకుండా వెనక్కి రాకుండా క్లచ్‌తోనే ఆపడం చూడటానికి నేర్పులా ఉంటుంది కానీ, ఆ బరువంతా ప్లేట్ రాపిడి మీదే ఆగి ఉంటుంది. ఘాట్‌లో వచ్చే కాలిన వాసన చాలాసార్లు ఇదే. ముందున్న లారీకి బాగా దూరంగా ఆగండి, దాని వెనక చక్రాలు రోడ్డుకు ఆనిన చోటు మీకు స్పష్టంగా కనిపించాలి. అది కూడా వెనక్కి జారొచ్చు.

తప్పు మీది కాకపోతే

అన్నీ సరిగ్గా చేస్తున్నా బండి కదిలే ప్రతిసారీ టకటకా వణుకుతోందంటే క్లచ్ ప్లేట్ మీదకు ఆయిల్ కారుతోందేమో, ప్లేట్ గట్టిపడి నున్నగా అయిందేమో, ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగులు పాడయ్యాయేమో చూపించండి. పెడల్ దాదాపు పూర్తిగా పైకి వచ్చాక గానీ పట్టడం లేదంటే ప్లేట్ అరిగి ఉండొచ్చు, లేదా కేబుల్ సరిచేయాల్సి ఉండొచ్చు. చిన్న కార్లు చాలావాటికి కేబుల్ క్లచ్ ఉంటుంది, ప్లేట్ అరిగేకొద్దీ అందులో పట్టే చోటు జరుగుతుంది. పాత కారు కొన్నవాళ్లు నేర్చుకోవడం మొదలుపెట్టకముందే మెకానిక్‌తో ఇది చూపించుకోవాలి. ఇంజిన్ వేగం పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ స్లిప్పవుతోంది, ఇక అభ్యాసం ఆపి ప్లేట్ మార్పించండి. వేరేవాళ్ల కారు ఎక్కిన ప్రతిసారీ రోడ్డెక్కకముందు రేజ్ లేకుండా రెండుసార్లు కదిలించి చూసుకోండి. ఏ బండిలో చోటు ఎక్కడుందో ఆ బండే చెప్పాలి.

నేను మళ్లీ ఏడు రోడ్ల మీదుగా పోయింది మామతో కలిసి నేర్చుకున్న మూడో వారంలో. ఆ తర్వాతి ఆదివారం గువ్వలచెరువు దాకా వెళ్లి పాలకోవా తెచ్చుకున్నాం. తిరుగు ప్రయాణంలో కిందికి వాలిన చోట ఆగి కదలాల్సి వస్తే రేజ్ అవసరమే లేదు. మొదటి గేరు వేసి బ్రేక్ మెల్లగా వదలండి, బండి జారి నడక వేగం అందుకోగానే క్లచ్ వదిలేయండి. న్యూట్రల్‌లో మాత్రం ఘాట్ దిగకండి. గేరులో ఉంటేనే ఇంజిన్ బండిని పట్టుకుంటుంది.